ఇద్దరు భవానీదేవులు

పోయినవారం సౌజన్యను కాలేజీ మెట్ల మీద, పోస్టుమాన్ ఇచ్చిన లావుపాటి కవరుతో వదిలేశాం. అందులో ఆమె పేపరే తిరిగి వచ్చింది. అయితే పనికిరాదని పంపింది కాదు. ఉప్పునీరు ఎక్కే కాలవల పక్క కొబ్బరితోటల్లో పిందె ఎందుకు రాలుతుందో, అదీ నీరెక్కిన ఏడాది కాకుండా మరుసటి ఏడాది ఎందుకు రాలుతుందో ఆమె రాసింది పత్రిక వాళ్ళకు నచ్చింది. నచ్చనివి చివరి పేజీలు. రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు, సరిచేసి ఈ నెలాఖరుకు మాకు చేరేలా పంపితే వచ్చే సంచికలో వేస్తాం, లేకపోతే వెయ్యలేం అని రాశారు. పేపరు అచ్చుకు తీసుకున్నట్టు కాగితం లేనిదే యూనివర్సిటీ ఆమె థీసిస్ ముట్టుకోదు. రిజిస్ట్రేషను గడువు కూడా దగ్గర పడింది. అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ చెప్పుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా తోటల వెంట తిరిగి ఏళ్ళ తరబడి చేసిన పని, కామాల దగ్గర ఆగిపోయింది.

కామాలే కదా అనుకుంది సౌజన్య. ఆ వారమంతా కాలేజీ విడవగానే గడియారస్తంభం పక్క సందులోని యాకోబు డీటీపీ సెంటరుకు వెళ్ళి కూర్చుంది. శుభలేఖలు, పరీక్ష పేపర్లు, చర్చి కరపత్రాలు కొట్టుకునే యాకోబుకు ఈ పని కొత్త. పత్రిక వాళ్ళ నియమాల కాగితాన్ని మానిటరుకు ఆనించి పెట్టుకుని ఒక్కొక్క లైనూ దిద్దుతూ వచ్చాడు. రాసినవారి పేరు ముందు రావాలి. ఏడాది బ్రాకెట్లో ఉండాలి. పత్రిక పేరు వాలు అక్షరాల్లో, సంపుటం అంకె లావుగా పడాలి. పుటల అంకెల మధ్య గీత ఎంత పొడుగుండాలన్నది కూడా వాళ్ళకు పట్టింపే. పెళ్ళికొడుకు తాతగారి పేరు తప్పు పడినా శుభలేఖల వాళ్ళు ఇంత గొడవ చెయ్యరండి అని నవ్వాడు యాకోబు. కానీ విసుక్కోలేదు. కరెంటు పోతే కుర్చీలు గుమ్మంలోకి లాక్కుని, వచ్చేదాకా కాగితం మీద దిద్దుకున్నారు.

చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. పత్రిక పద్ధతిలో మనిషి పేరులోని చివరి మాట ముందుకు రావాలి, మిగిలినవి పొడి అక్షరాలై వెనక్కి పోవాలి. ఆ పద్ధతి పెట్టినవాళ్ళకు ఇంటిపేరు చివర ఉంటుంది. మనకు ముందుంటుంది, అదీ ఒక్క పొడి అక్షరంగా. సౌజన్య ఇన్నాళ్ళూ మన అలవాటు ప్రకారం ఆ ముందరి అక్షరం చూసి వరస కట్టింది. కాబట్టి ఎన్. భవానీదేవి పట్టిక మధ్యలో ఎక్కడో, వై. భవానీదేవి పట్టిక అట్టడుగున ఉండేవారు. ఇద్దరికీ మధ్య పేజీ పైనే దూరం. శుక్రవారం సాయంత్రం యాకోబు పేర్లన్నీ తిరగేసి, అక్షరక్రమం మళ్ళీ కట్టేసరికి ఆ ఇద్దరూ ఒకరి కింద ఒకరు వచ్చి నిలబడ్డారు. పైన ఎన్., 1979. కింద వై., 1974.

"మా ఆవిడలాగే ఉందండీ మేడంగారూ," అన్నాడు యాకోబు తెర చూస్తూ. "టెన్త్ సర్టిఫికెట్లో వాళ్ళ నాన్న ఇంటిపేరు, రేషన్ కార్డులో నాది. ఇద్దరూ ఒక్కరేనని ఎమ్మార్వో గారి దగ్గర రాయించుకు రమ్మన్నారు బ్యాంకువాళ్ళు. ఒక్కత్తితో వేగడమే కష్టంగా ఉంటే ఇద్దరేంటండీ అన్నాను."

సౌజన్య నవ్వలేదు. ఆ రెండు లైన్లనే చూస్తూ ఉండిపోయింది.

ఆమె పేపరు మొత్తం ఒకే ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. ఆమె చూసిన తోటలు తక్కువ. ఆ సంగతి పేపరు చదివి చూసిన పత్రిక పరిశీలకులు మొదటే అన్నారు. అయినా ఒప్పుకున్నారంటే, ఇదే విషయాన్ని అంతకుముందే రాజోలు వైపు తోటల్లో ఒకరు, అల్లవరం వైపు తోటల్లో మరొకరు, ఎవరి లెక్క వారు విడిగా పెట్టి గమనించారని ఆమె రాసినందుకే. ఆ ఒకరూ మరొకరూ ఈ భవానీదేవులే. ఇద్దరూ ఒక్కరే అయితే రెండో సాక్షి లేనట్టే. ఒకే మనిషి తను నమ్మినదాన్ని రెండుసార్లు చెప్పుకున్నట్టవుతుంది.

అక్కడితో అయిపోలేదు. కవరులో ఇంకో కాగితం ఉంది. పేర్కొన్న ప్రతి రచననూ స్వయంగా చూసి సరిపోల్చాను అని రాసి సంతకం పెట్టాలి. సౌజన్య తన సంచిలోంచి రెండు జెరాక్సులూ తీసింది. మొదటిదాని కింద వై. భవానీదేవి, అమలాపురం కాలేజీ అని ఉంది. రెండోదాని కింద ఎన్. భవానీదేవి, తాటిపాక అని ఉంది. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు చూసిందో వాటిని. పక్కపక్కన పెట్టి మాత్రం చూడలేదు.

ఆ జెరాక్సులు ఇచ్చింది సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు. ఆమెకు గైడు. పేపరు మీద ఆమె పేరు తరవాత ఆయన పేరు ఉంటుంది. ఆ వాక్యం కూడా ఆయన చెప్పి రాయించిందే. ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్ళింది. రిటైరైన దగ్గర్నుంచి ఆయన వరండా అంతా పుస్తకాలే. ఏదైనా అడిగితే రెండు మూడు తీసి చూపించనిదే జవాబు చెప్పే మనిషి కాదు. ఈసారి మాత్రం ఏ పుస్తకమూ తియ్యలేదు. భవానీదేవి అనే పేరు ఈ ప్రాంతంలో వీధికొకరికి ఉంటుందన్నారు. ఆమె కదలకపోయేసరికి గొంతు తగ్గించారు.

"ఆ రెండు లెక్కలూ రెండు చేతులు చేసినవే అమ్మాయ్. అంతవరకూ నా మాట నమ్ము."

నమ్ముతాను గాని సంతకం పెట్టవలసింది నేను కదండీ అంది సౌజన్య. అడ్రసు ఉంది కాబట్టి పొద్దున్నే తాటిపాక వెళ్ళి అడిగి వస్తానంది. ఆయన వెళ్ళవద్దన్నారు. కారణం చెప్పలేదు. ఇన్నేళ్ళలో కారణం లేకుండా ఆయన చెప్పిన మాట అదొక్కటే. ఆమె నమస్కారం పెట్టి వచ్చేసింది.

పొద్దుటి బస్సు అంబాజీపేట దాటి గన్నవరం అక్విడక్టు వంతెన వైపు వెళ్తుంటే సౌజన్యకు భయం పట్టుకుంది. ఇద్దరూ ఒక్కరేనని తేలితే ఆ వాక్యం కొట్టెయ్యాలి. కొట్టేస్తే పేపరు ఉండదు. వెళ్ళకుండా ఉంటే ఏమీ తేలదు, వాక్యం ఎక్కడిదక్కడే ఉంటుంది. గన్నవరంలో దిగిపోయి అమలాపురం బస్సు ఎక్కితే అడిగేవాళ్ళు లేరు. బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. ఆమె కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చునే ఉంది.

తాటిపాకలో ఎన్. భవానీదేవి అని అడిగితే నల్లా వారిల్లు ఎవరైనా చూపిస్తారు. ఇంటి ముందు పెద్ద కళ్ళం, దాన్నిండా కాయ రాశి. ఇద్దరు మనుషులు గునపాల మీద కాయలు ఒలుస్తున్నారు. గట్టిగా ఉన్నవాటినీ నీళ్ళు లేనివాటినీ వేరు చేయిస్తూ అరుగు మీద నిలబడి ఉంది భవానీదేవి. యాభై దగ్గర పడిన మనిషి. పలుచని నేత చీర, కళ్ళజోడు, చెవి పక్కన నెరసిన పాయ. అమలాపురం కాలేజీ నుంచి వచ్చానని సౌజన్య చెప్పగానే ఆమె చూపు ఒక్క క్షణం మారింది. వెంటనే మర్యాద కమ్ముకుంది. కుర్చీ వేయించింది, బొండం కొట్టించింది. మా వారు ధర కనుక్కోడానికి అంబాజీపేట వెళ్ళేరు, వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, కాయ కోసమైతే ఆయనతోనే మాట్లాడాలండి అంది.

కాయ కోసం కాదని సౌజన్య మొదటి జెరాక్సు ఆమె చేతికిచ్చింది.

భవానీదేవి దాన్ని చదవలేదు. ముందు పేరు మీద బొటనవేలు పెట్టి రుద్దింది, మాసిందేమో తుడుస్తున్నట్టు. తరవాత కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఇది ఇంకా ఉందాండీ?" అంది.

ఉండటమే కాదు, తన పేపరులో వాడుకున్నానని చెప్పింది సౌజన్య. అది మీరు రాసిందేనా అని అడిగింది.

"ఆయ్, నేనే. యాళ్ల వారి పిల్లనండి నేను. పెళ్ళికి ముందు మీ కాలేజీలోనే డిమాన్‌స్ట్రేటరుగా చేసేను. ఇక్కడికి కోడలుగా వచ్చేక నల్లా అయ్యేను." కాస్త నవ్వింది. "ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు ఈ కాగితం సంగతి. మీరెలా కనిపెట్టేరు?"

యాళ్ల భవానీదేవే నల్లా భవానీదేవి. సౌజన్యకు ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. సంచిలో ఉన్న రెండో కాగితం తియ్యకుండానే లేచి వెళ్ళిపోవచ్చు. కానీ సంతకం ప్రతి రచనకూ పెట్టాలి. తీసి ఇచ్చింది. మీరు ఇది కూడా రాశారు కదండీ, ఇద్దరు మనుషులని నేను పొరబడ్డాను, ఇందులో పుటల అంకెలు ఒకసారి సరిచూస్తే చాలు, వెళ్ళిపోతానంది.

భవానీదేవి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పి పేరు చూసుకుంది. ఒలిచే మనుషులు ఇంకో కుప్ప లాగమంటారా అని అడిగితే వినిపించుకోలేదు. రెండో పేజీ, మూడో పేజీ చదివింది. ఆమె ముఖంలోంచి మర్యాద మెల్లగా దిగిపోవడం సౌజన్య చూసింది.

"ఇది నేను రాయలేదమ్మా," అంది చివరికి. "అల్లవరం వైపు తోటల్లోకి నేను నా జన్మలో వెళ్ళలేదు. డెబ్బై తొమ్మిదంటే అప్పటికి ఇద్దరు పిల్లలు నాకు. ఈ గుమ్మం దాటి పెళ్ళిళ్ళకీ గుడికీ తప్ప ఎక్కడికి వెళ్ళేను?"

మరి మీ పేరు, మీ ఊరు ఉన్నాయి కదా అంది సౌజన్య.

"అదే అడుగుతున్నాను. ఎవరిచ్చేరు నా పేరు వీళ్ళకి?"

గొంతు పెద్దది చెయ్యలేదు గాని ఒలిచే మనుషులు చేతులు ఆపారు. భవానీదేవి వాళ్ళవైపు చూడకుండానే పని కానివ్వమంది. కాగితాన్ని మళ్ళీ కళ్ళకు దగ్గరగా తీసుకుని, తోటల్లో ఎలా లెక్కపెట్టారో చెప్పిన చోట వేలు పెట్టి ఆగిపోయింది. ఊడ్చేవాళ్ళు రాకముందే పిందెలు లెక్కపెట్టడం వరకు మామూలే. పొయ్యిలోకి ఏరుకుపోతారు కాబట్టి ఎవరైనా అలాగే చేస్తారు. ఆ తరవాత ఇంకొకటి ఉంది. కాలవ గట్టు పొడుగునా నీటికి పైన వల కట్టి, కాలవలో పడవలసిన పిందెలను కూడా పట్టి లెక్కలో కలిపారట.

"నేను వల కట్టలేదు," అంది భవానీదేవి. "నేల మీద పడ్డవే లెక్కపెట్టేను. నీళ్ళలో పడ్డవి ఎవరు లెక్కపెడతారమ్మాయ్ అని నన్ను కేకలేసేరు ఆయన."

ఎవరని అడగవలసిన పని లేకపోయింది. అల్లవరం వైపు తోటల్లో సౌజన్య చేత కూడా అలాగే వలలు కట్టించారు సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు. అక్కడి రైతులు నవ్వేవారు, చేపలకు వేసే వల కొబ్బరిచెట్టుకు వేశారని. ఈ పని ఇంకెవరూ చెయ్యరు, మనమే చెయ్యాలి అనేవారు ఆయన.

రెండు లెక్కలూ రెండు చేతులు చేసినవే. ఆయన చెప్పింది నిజమే. రెండో చెయ్యి ఆయనది.

తరవాత భవానీదేవి చెప్పినదంతా ఒక వరసలో చెప్పలేదు. మధ్యలో లేచి కాయల దగ్గరకు వెళ్ళి, మళ్ళీ వచ్చి, విడిచిన చోట కాకుండా ఇంకో చోట అందుకుంటూ చెప్పింది. పెళ్ళి కుదిరాక కాలేజీలో ఆఖరి రోజున మాస్టారు బస్టాండు దాకా వచ్చారట. మనసులో ఏముందో ఇద్దరిలో ఎవరూ అనలేదు. పిందెల గురించే మాట్లాడుకున్నారు. ఇంకో చోట రెండో లెక్క లేకపోతే ఈ మొదటిదాన్ని ఎవరూ నమ్మరు అన్నారాయన. అత్తారింటి చుట్టూ తోటలే కదా, నేను చేసి పంపిస్తానండి అంది ఆమె. బస్సు కదిలాక కూడా చేస్తానని చెయ్యి ఊపింది. విడిపోయేటప్పుడు అలాంటి మాట ఒకటి పట్టుకోకపోతే కాలు కదలదు మనిషికి.

ఇక్కడికి వచ్చాక, శ్రావణమాసం వెళ్ళగానే తెల్లవారుజామున లేచి పెరటి తోటలోకి వెళ్ళింది. గంపలో సగం పిందెలు ఏరేసరికి అత్తగారు చూశారు. రాలిన పిందె కొత్తకోడలు చేత్తో ముట్టుకోకూడదు, కడుపు నిలవదు అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. గంప తీసుకెళ్ళి పొయ్యి దగ్గర పెట్టి, స్నానం చేసి రమ్మన్నారు. అంతే. తరవాత నిజంగానే ఒకసారి కడుపు నిలవలేదు. ఆ తరవాత ఎవరూ ఏమీ అనకపోయినా ఆమె తోటలోకి వెళ్ళలేదు.

"చేస్తానని చెయ్యలేదని ఇన్నేళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నానమ్మా. ఆయనకి ముఖం చూపించలేక అమలాపురం వెళ్ళినా ఆ కాలేజీ రోడ్డున వెళ్ళలేదు. ఆ పని అయిపోయిందని నాకు ఎవరూ చెప్పలేదు." కాగితం ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద ఆనించింది. "నాలుగేళ్ళు లెక్కపెట్టేరని రాసుంది ఇక్కడ. నాలుగేళ్ళు తిరిగి, నా పేరు పెట్టి పంపేరు. నేను మాట నిలబెట్టుకున్నట్టు లోకానికి చూపించేరు. నన్ను ఒక్క మాట అడగలేదు."

ఆ ముఖంలో ఉన్నది కోపమో మరొకటో సౌజన్యకు తెలియలేదు. ఆమె మనసు పేపరు చుట్టూ తిరుగుతోంది, అందుకు సిగ్గుగా కూడా ఉంది. సాక్షులు నిజంగా ఇద్దరే. వాక్యం అబద్ధం కాదు. కానీ రిఫరెన్సులో ఉన్న పేరు అబద్ధం. ఆ లైను అలాగే వదిలి సంతకం పెడితే తెలిసి పెట్టినట్టు. ఇద్దరూ ఒక్కరేనని దిద్దితే పేపరు పోతుంది, పైగా అదీ నిజం కాదు. ఉన్న దారి ఒక్కటే. డెబ్బై తొమ్మిది నాటి లెక్క తనదేనని మాస్టారు తన చేత్తో పత్రికకు రాసివ్వాలి. ఊరంతా మాస్టారూ అని లేచి నిలబడే మనిషి, ఇంకొకరి ఇల్లాలి పేరు అడక్కుండా అచ్చు వేయించానని ఒప్పుకోవాలి. ఇదంతా దాచకుండా భవానీదేవికి చెప్పింది. రెండోది కూడా రాసింది మీరేనంటే నా పేపరు పోతుంది, కాదంటే ఆయన పరువు పోతుంది, ఏదైనా మీరు చెప్పిందే చేస్తానంది.

దూరంగా చమురు బావి గ్యాసు మంట పగటి వెలుగులో వెలవెలబోతూ కనిపిస్తోంది. భవానీదేవి అటు చూసింది.

"నేను లెక్కపెట్టని పిందె ఒక్కటి కూడా నా పేరు మీద ఉండకూడదు," అంది. "అలాగని ఆయన లెక్కపెట్టినది పోకూడదు. నీళ్ళలో పడ్డవాటిని కూడా వదలని మనిషి, తన్ను తాను వదిలేసుకున్నారు. నేను అడుగుతాను ఆయన్ని. ఉండండి, చీర మార్చుకొస్తాను."

సౌజన్య ఏదో అనబోయింది. మీ వారు వచ్చాక చెప్పి బయలుదేరుదామంది. భవానీదేవి అప్పటికే లోపలికి వెళ్ళింది. గంధం రంగు చీర కట్టుకుని, జెరాక్సులు రెండూ సంచిలో పెట్టుకుని వచ్చింది. ఒలిచేవాళ్ళలో పెద్దవాణ్ణి పిలిచింది.

"సత్తియ్యా, అయ్యగారొస్తే అమలాపురం వెళ్ళేనని చెప్పు. ఎందుకని అడిగితే నా పని మీదని చెప్పు."

ఆ ఇంట్లో నా పని అనే మాట వాడు ఎప్పుడూ విని ఉండడు. ఆయ్ అని తలూపి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా గునపం పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

బస్సులో గన్నవరం దాటాక భవానీదేవి ఒక్కటే అడిగింది, మాస్టారికి ఒంట్లో ఎలా ఉంటోందని. బాగానే ఉంటున్నారంది సౌజన్య. ఇంకేమైనా అడుగుతుందేమోనని ఎదురుచూసింది. అడగలేదు. కిటికీ పక్క సీటు ఇస్తానన్నా వద్దని, ముందు సీటు కమ్మీ పట్టుకుని నిటారుగా కూర్చుంది.

అమలాపురంలో దిగేసరికి ఎండ నడినెత్తి దాటింది. ముందు పట్టిక చూపించి, తరవాత మాస్టారి ఇంటికి తీసుకెళ్దామనుకుంది సౌజన్య. సందు తిరిగేసరికి యాకోబు ఎదురుగా వచ్చాడు. ముఖమంతా సంతోషం.

"అయిపోయిందండీ మేడంగారూ. మాస్టారుగారు పొద్దున్నే వచ్చి దగ్గరుండి పూర్తి చేయించేరు."

ఏం పూర్తి చేయించారని అడుగుతూనే సౌజన్య లోపలికి వెళ్ళింది. యాకోబు తెర మీద పట్టిక తెచ్చి చూపించాడు. కామాలూ బ్రాకెట్లూ అన్నీ పత్రిక వాళ్ళు చెప్పినట్టే, చూడముచ్చటగా ఉన్నాయి. భవానీదేవి అన్న పేరు దగ్గర ఒక్క లైనే ఉంది. 1974. పైనుండవలసిన లైను లేదు. సౌజన్య పేజీలు వెనక్కి జరిపింది. లోపలి వాక్యం కూడా మారిపోయింది. అల్లవరం వైపు తోటలు లేవు, మరొకరు లేరు. రాజోలు వైపు ఒకరు గమనించారని మాత్రం మిగిలింది.

మీరు చెప్పిందేనన్నారండి, రెండుసార్లు పడిన పేరట కదా అన్నాడు యాకోబు, ఆమె ముఖం చూసి కంగారుపడుతూ. సంతకం కాగితం తరవాత విడిగా పంపుతారట, ముందు ఇది వెళ్ళకపోతే గడువులోపు చేరదన్నారండి.

"ఇప్పుడెక్కడుంది అది?"

"ఇందాకే కవరు అంటించుకుని పోస్టాఫీసుకి బయల్దేరేరండి. శనివారం కదా, రిజిస్టరు కౌంటరు తొందరగా మూసేస్తారని."

సౌజన్య కుర్చీలో కూలబడింది. ఆ కవరు వెళితే పేపరు లేనట్టే. సాక్షి ఒక్కరే మిగిలిన వ్యాసాన్ని పరిశీలకులు రెండోసారి చదవను కూడా చదవరు. ఆయనకు ఆ సంగతి తెలియదా? తెలుసు. తెలిసే చేశారు. భవానీదేవి పేరు బయటికి లాగడం కన్నా తన విద్యార్థి పేపరు పోవడమే మేలనుకున్నారు.

భవానీదేవి తెర మీద మిగిలిన తన పేరును ఒకసారి చూసింది. తరవాత సౌజన్య భుజం మీద చెయ్యి వేసి లేపింది.

"పోస్టాఫీసుకి ఏ రోడ్డు దగ్గర?" అని యాకోబును అడిగింది.

ఎండలో దాదాపు పరుగెత్తారు ఇద్దరూ. సైకిళ్ళ వాళ్ళు తప్పుకున్నారు. ఇన్నేళ్ళూ ఈ ఊరికి వచ్చి ఏ రోడ్డున నడవకుండా తప్పించుకుందో ఆ రోడ్డే అది, కాలేజీ ముందు నుంచే వెళ్ళాలి. భవానీదేవి కాలేజీ వైపు తల తిప్పలేదు. పోస్టాఫీసు మెట్ల దగ్గర సౌజన్య ఊపిరి అందక కమ్మీ పట్టుకుంది. భవానీదేవి ఆగలేదు.

లోపల రిజిస్టరు కౌంటరు ముందు ఒక్కరే ఉన్నారు. తెల్లచొక్కా, వంగిన వీపు, బట్టతల చుట్టూ తెల్లటి జుట్టు. సౌజన్య చెప్పనవసరం లేకపోయింది. ఆ వీపును భవానీదేవి ఆఖరుసారి బస్టాండులో చూసింది, అప్పుడది నిటారుగా ఉండేది. గుమస్తా కిటికీలోంచి చెయ్యి చాపాడు. కవరు సగం లోపలికి వెళ్ళింది.

"మాస్టారూ," అంది భవానీదేవి. "ఆ కవరు ఇవ్వకండి. అందులో మీరు లేరు."

ఆయన వెనక్కి తిరగలేదు. కవరుకు ఆ కొస గుమస్తా చేతిలో, ఈ కొస ఆయన వేళ్ళలో ఉంది. వదలమంటారా, ఉంచమంటారా అన్నట్టు గుమస్తా కళ్ళెత్తి ఇద్దరినీ చూశాడు.